'రైట్ ఆజ్ రెయిన్' అంటే ఏమిటి? కోలుకోవడానికీ వానకీ ఏం సంబంధం?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్‌లో ఇంటి నుంచే లండన్ టీమ్‌కి పనిచేస్తున్నారు. వైరల్ జ్వరం వచ్చి వారం సెలవు పెడితే మీ మేనేజరు "రెస్ట్ అప్, యూ విల్ బీ రైట్ ఆజ్ రెయిన్ ఇన్ నో టైమ్" అని రాశారు. వానాకాలంలో మంచాన పడ్డందుకు వెటకారమా అని మీ అనుమానం. పైగా ఎవరో మీకు ఇది ఇంగ్లండ్ రైతుల మాట అని, అదునుకు పడిన వాన గురించి పుట్టిందని చెప్పారు. అది నిజమేనా, తిరిగి మీరూ ఈ మాట వాడొచ్చా అని అడిగారు.

ముందు మీ టెన్షన్ తీరుస్తాను. అందులో వెటకారం ఏమీ లేదండి. కొన్నాళ్ళలోనే మీకు పూర్తిగా నయమైపోతుందని ఆప్యాయంగా అన్న మాట అది. రైట్ ఆజ్ రెయిన్ అంటే ఏ లోటూ లేకుండా, ఎప్పటిలా బాగుండడం. తెలుగులో దానికి అచ్చంగా సరిపోయే మాట ఒకటుంది: "నిక్షేపంలా" ఉండడం. ఇక వాన సంగతంటారా, అది ఎక్కువగా 'ర' శబ్దం కోసం వచ్చి చేరింది. రైతుల కథకు ఆధారం లేదు.

నేను పదిహేడేళ్ళుగా విదేశాలకు వెళ్ళే నర్సులకు ఇంగ్లీషు చెబుతున్నాను, ఖాళీ దొరికినప్పుడు అనువాదాలు చేస్తాను. రోగాల గురించి, కోలుకోవడం గురించి ఇంగ్లీషువాళ్ళు ఎలా మాట్లాడతారన్నది రోజూ నా పాఠమే. అందుకే సమాధానం కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి.

ఇందులో 'త్వరగా' అన్న అర్థం లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మీ మేనేజరు వాక్యంలో తొందర అంతా "ఇన్ నో టైమ్"లో ఉంది. రైట్ ఆజ్ రెయిన్ చెప్పేది ఎంత బాగవుతారన్నదే, ఎన్నాళ్ళకన్నది కాదు. మూడేళ్ళ కిందట నాకు మడమ దగ్గర ఎముక విరిగి ప్లేటు వేశారు. ఇంగ్లండ్‌లో పనిచేసే నా పాత విద్యార్థిని ఒకమ్మాయి "యూ విల్ బీ రైట్ ఆజ్ రెయిన్, మేడమ్" అని మెసేజ్ పెట్టింది. నేను కర్ర లేకుండా మెట్లు దిగేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ అమ్మాయి మాట అబద్ధం కాలేదు, ఎప్పటికో తను చెప్పలేదంతే. సాధారణంగా దీని పక్కన సూన్, ఇన్ నో టైమ్, బై మండే లాంటి తోక ఒకటి ఉంటుంది కాబట్టి రెండూ కలిసి "త్వరగా కోలుకోవడం" అనిపిస్తాయి.

ఇప్పుడు పుట్టుక. 'రైట్' దగ్గర మొదలుపెట్టాలి. ఈ మాటకు పాత అర్థం తిన్నగా ఉన్నది, వంకర లేనిది. రైట్ యాంగిల్‌లో ఆ ఛాయ ఇంకా మిగిలే ఉంది. కుడి, ఒప్పు, హక్కు అన్న అర్థాలన్నీ ఆ తిన్నదనం చుట్టూ పెరిగినవే. భాషాశాస్త్రం చదివినవాళ్ళకు తెలిసే ఉంటుంది, సంస్కృతంలోని ఋజు, ఇంగ్లీషు రైట్ ఒకే ప్రాచీన ధాతువు నుంచి వచ్చిన చుట్టాలు. మనం సాక్ష్యం చూపించి "ఋజువు" అంటామే, ఆ ఋజువే. కాబట్టి మీ మేనేజరు మెసేజ్‌లో ఒక మాటకు మన ఇంటివైపు బంధుత్వం ఉంది.

తిన్నగా ఉండడానికీ ఆరోగ్యానికీ లంకె ఎలా కుదిరిందో తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా? మా అమ్మమ్మ కాస్త జ్వరం తగిలితే "ఒంట్లో తిన్నగా లేదే" అనేది. తిన్నగా అంటే వంకర లేకుండా, తిన్నగా అంటే బాగా. ఇంగ్లీషువాళ్ళు "ఐ డోంట్ ఫీల్ రైట్" అన్నప్పుడు అనేదీ సరిగ్గా అదే. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూసి రాసుకున్నవి కావు, అయినా ఒకే దారిన నడిచాయి.

ఇక "రైట్ ఆజ్ ఫలానా" అనే అచ్చు వానకంటే చాలా పాతది. ఒక్కో కాలంలో ఆ ఫలానా చోట ఒక్కో వస్తువు కూర్చుంది. 1546లో అచ్చయిన సామెతల సంకలనం నాటికే "రైట్ ఆజ్ ఎ లైన్" ఉంది. గీతంత తిన్నగా అని. ఇందులో పోలిక అతికినట్టు సరిపోతుంది, ఎవరూ బుర్ర గోక్కోనక్కర్లేదు. 1622 నాటి ఒక నాటకంలో "రైట్ ఆజ్ ఎ గన్" కనిపిస్తుంది. తుపాకీ! అదే శతాబ్దంలో "రైట్ ఆజ్ మై లెగ్" కూడా ఉంది, అంటే నా కాలంత సరిగ్గా. (మడమ విరిగినప్పుడు ఈ మాట నాకు గుర్తుకు రాకపోవడం నా అదృష్టం.)

తర్వాత వచ్చింది ట్రివెట్. పొయ్యి మీద గిన్నె నిలబెట్టడానికి వాడే మూడుకాళ్ళ ఇనుప పీట. నాకు వీటన్నిటిలో ఇష్టమైనది ఇదే, ఎందుకంటే పోలిక వెనక పనితనం ఉంది. నాలుగు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది. మూడు కాళ్ళది ఎక్కడ పెట్టినా మూడూ ఆనుతాయి. మన పొయ్యికి మూడే రాళ్ళు పెట్టేదీ అందుకే కదా. 1836, 37ల్లో విడతలు విడతలుగా వచ్చిన డికెన్స్ నవల పిక్‌విక్ పేపర్స్‌లో బాబ్ సాయర్ అనే కుర్రాడిని "కులాసానా?" అని అడిగితే "రైట్ ఆజ్ ఎ ట్రివెట్, సర్" అంటాడు. ఆ సాయర్ వైద్యం చదివిన పాత్ర కావడం మరీ బాగుంది. 19వ శతాబ్దంలోనే "రైట్ ఆజ్ నైన్‌పెన్స్" అని కూడా అనేవారు. తొమ్మిది పెన్నీలు ఏ విధంగా ఆరోగ్యంగా ఉంటాయో నన్నడగొద్దు.

వాన వచ్చింది అందరికంటే ఆఖర్న. 1894లో వచ్చిన ఒక ఇంగ్లీషు పుస్తకంలో పల్లె యాసలో ఈ మాట కనిపిస్తుంది. 1909లో మాక్స్ బీర్‌బోమ్ అనే ఇంగ్లీషు రచయిత ఒక వ్యాసంలో ఒక పెద్దమనిషిని వర్ణిస్తూ, ఆయన్నే అడిగితే "ఫిట్ ఆజ్ ఎ ఫిడిల్" అనో "రైట్ ఆజ్ రెయిన్" అనో చెప్పుకునేవాడన్న ధోరణిలో రాశాడు. అంటే అప్పటికే అది జనం నోళ్ళలో నానుతున్న మాట. ఆ తర్వాత తుపాకీ, కాలు, ముక్కాలి పీట అన్నీ మూలకు పోయి వాన ఒక్కటే మిగిలింది.

ఎందుకు మిగిలిందంటే, చెవికి ఇంపుగా ఉంది కాబట్టి. రైట్, రెయిన్. రెండూ 'ర'తోనే మొదలవుతాయి. ఇంగ్లీషుకు ఈ పిచ్చి ఎక్కువ. ఫిట్ ఆజ్ ఎ ఫిడిల్, కూల్ ఆజ్ ఎ కుకుంబర్, గుడ్ ఆజ్ గోల్డ్, డెడ్ ఆజ్ ఎ డోర్‌నెయిల్. వీటిలో దోసకాయ చల్లదనానికి ఏదో అర్థముంది, తలుపు మేకు చావుకు కథలు అల్లాలి. కానీ మొదటి అక్షరం కలవడం మాత్రం అన్నిటిలో ఉంది. పాత ఇంగ్లీషు పద్యాలు అంత్యప్రాసల మీద కాదు, ఈ ఆద్యక్షరాల కలయిక మీదే నడిచేవి. యతి కోసం తల బద్దలుకొట్టుకున్న మన కవులకు ఈ బాధ తెలుసు. అయితే ఒక మాట. మన ఛందస్సు లెక్కన చూస్తే 'రై'లో ఐకారం, 'రె'లో ఎకారం. ఐ వెళ్ళి అకారం జట్టులో ఉంటుంది, ఎ వెళ్ళి ఇకారం జట్టులో. హల్లు కలిసినా అచ్చు కలవలేదు కాబట్టి తెలుగు పద్యంలో అయితే యతి తప్పినట్టే. ఇంగ్లీషువాడికి అంత పట్టింపు లేదు, బతికిపోయాడు.

మరి రైతు కథ? దాన్ని నమ్మాలని మనకెందుకు అనిపిస్తుందో నాకు తెలుసు. మనం మృగశిర కార్తెలో మొదటి చినుకుకు ఊపిరి పీల్చుకునేవాళ్ళం. వాన పడితే అంతా సరిపోతుందన్న భావం మనకు సహజం. కానీ ఇంగ్లండ్‌లో వాన కోసం ఎవరూ ఆకాశం వంక చూడరు, ఎప్పుడు వెలుస్తుందా అని చూస్తారు. వాళ్ళ జాతీయాల్లో వాన ఎక్కువగా చెడ్డదే. డబ్బు దాచుకునేది "రెయినీ డే" కోసం, అంటే కష్టకాలం కోసం. ఆపదలు వరసపెడితే "ఇట్ నెవర్ రెయిన్స్ బట్ ఇట్ పోర్స్". అలాంటి భాషలో ఈ ఒక్కచోట వాన శుభానికి గుర్తు ఎలా అయిందంటే, అక్కడ ఎవరూ వాన గురించి ఆలోచించలేదు కాబట్టి. ఇంకో సంగతి, రైతే దీని తండ్రి అయితే అంతకుముందు మూడొందల ఏళ్ళ తుపాకీలకూ ముక్కాలి పీటలకూ ఏ రైతును వెతుకుతాం? వాన తిన్నగా కిందికి పడుతుంది కాబట్టి "రైట్" అన్నారని ఇంకొందరంటారు. కాస్త ముద్దుగానే ఉంది గానీ, గాలివాన చూసినవాళ్ళెవరూ ఒప్పుకోరు.

మనకూ ఇలాంటివి లేకపోలేదు. నిక్షేపం అంటే పాతిపెట్టిన సొమ్ము. నిధినిక్షేపాలు, ఖనిజ నిక్షేపాలు అంటాం. కానీ "మా తాతయ్యకు తొంభై ఏళ్ళు, నిక్షేపంలా ఉన్నాడు" అన్నప్పుడు తాతయ్యను ఎవరూ పెరట్లో పాతిపెట్టలేదు కదా! "గుండ్రాయిలా ఉన్నాడు" అన్నప్పుడు రోటినీ పొత్రాన్నీ ఊహించుకునేవాళ్ళు ఎందరు? "శుభ్రంగా రెండు పూటలా తింటున్నాడు" అంటే చేతులు కడుక్కుని అని కాదు, హాయిగా తింటున్నాడని. ఇలాంటి మాటలు వాడీ వాడీ లోపలి బొమ్మ అరిగిపోయి, పైన అర్థం ఒక్కటే మిగులుతుంది. మీ మేనేజరుకు రెయిన్ అన్నప్పుడు కళ్ళ ముందు ఒక్క చినుకు కూడా రాలి ఉండదు.

అందుకే మాటకు మాట అనువదిస్తే ప్రమాదం. ఒకసారి నా దగ్గర సబ్‌టైటిల్స్ నేర్చుకుంటున్న అబ్బాయి, ఆసుపత్రి మంచం మీద ఉన్నతని స్నేహితుడు ధైర్యం చెప్పే చోట "నువ్వు వానంత సరిగ్గా అయిపోతావు" అని రాసుకొచ్చాడు. "నాయనా, వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికెరుక అన్న సామెత వినలేదా? రోగి దగ్గర వాన పేరెత్తితే తెలుగువాడికి మొదట గుర్తొచ్చేది అదే" అన్నాను. "పదిరోజుల్లో లేచి తిరుగుతావు చూడు" అని మార్చాం.

ఇప్పుడు వాడకం గురించి. ఇది స్నేహంగా, చనువుగా అనే మాట, కాస్త పాతకాలపు వాసన కూడా ఉంది. బ్రిటన్‌లో ఎక్కువ, అమెరికాలోనూ తెలుసు. పూర్తి రూపం "ఆజ్ రైట్ ఆజ్ రెయిన్", కానీ మొదటి 'ఆజ్' సాధారణంగా మింగేస్తారు. "రైట్ ఆజ్ ది రెయిన్", "రైట్ లైక్ రెయిన్" అనకండి, అచ్చు మారితే మాట చెడుతుంది. మనుషులకే కాదు, వస్తువులకూ వాడతారు. రేపు మీ సర్వర్ పడిపోయి మళ్ళీ లేస్తే ఎవరో ఒకరు "రీస్టార్ట్ చేశాం, రైట్ ఆజ్ రెయిన్" అంటారు, అప్పుడూ కంగారుపడకండి. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళకైతే దీని చుట్టం "షీ విల్ బీ రైట్" వినబడుతుంది. ఆ 'షీ' ఎవరని వెతక్కండి, ఏ ఆడమనిషీ లేదు. అంతా సర్దుకుంటుందిలే అని అర్థం.

చిన్న జబ్బులకే వాడండి. జలుబు, జ్వరం, బెణుకు, పంటి నొప్పి, ఇంతవరకే. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళకో, జీవితాంతం మందులు వాడాల్సినవాళ్ళకో ఈ మాట రాస్తే వాళ్ళ బాధను తేలిక చేసినట్టు ఉంటుంది. పూర్తిగా ఎప్పటిలా అవుతారని హామీ ఇచ్చే మాట కదా, ఆ హామీ మన చేతుల్లో లేనప్పుడు ఇవ్వకూడదు. మా క్లాసులో ఒకమ్మాయి, ఇంగ్లీషులో మాట్లాడే పరీక్షకు సాధన చేస్తూ, రేపు ఆపరేషన్ ఉందని వణుకుతున్న రోగి పాత్రతో గలగలా "డోంట్ వర్రీ, యూ విల్ బీ రైట్ ఆజ్ రెయిన్ టుమారో" అనేసింది. జాతీయం బాగానే వాడింది, నేనే ఆపాను. మన ఆసుపత్రుల్లో "ఏం కాదమ్మా, రేపటికల్లా లేచి కూర్చుంటారు" అనడం మర్యాద. అక్కడి వార్డుల్లో ముందు భయమేమిటో అడిగి వినాలి, తెలియని దానికి మాటివ్వకూడదు. "మరి ధైర్యం చెప్పొద్దా మేడమ్?" అని ఆ అమ్మాయి చాలాసేపు గొడవపడింది. తన వైపు కూడా న్యాయం ఉందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పక్కన తిరిగే మరికొన్ని మాటలు క్లుప్తంగా చెబుతాను, కలిపేసుకోకుండా ఉంటారు. "అండర్ ది వెదర్" అంటే నలతగా ఉండడం, ఇందులోనూ వాతావరణం ఉందని మోసపోకండి. "ఆన్ ద మెండ్" అంటే తగ్గుముఖం పట్టింది, ఇంకా పూర్తి కాలేదు. చిరిగిన బట్టకు, విరిగిన కుర్చీకి చేసే మరమ్మతూ మెండే. "బౌన్స్ బ్యాక్"లో మాత్రం వేగం మాటలోనే ఉంది. నేలకు కొట్టిన బంతి ఎగిరినట్టు లేవడం. జబ్బుకే కాదు, ఉద్యోగం పోయి మళ్ళీ నిలదొక్కుకున్నా, మ్యాచ్ ఓడి మరుసటిది గెలిచినా అంటారు. బౌన్స్‌కు మొదట్లో బాదడం, దబ్బున కొట్టడం అనే అర్థాలు ఉండేవి, ఎగరడం తర్వాత వచ్చింది. "ఫిట్ ఆజ్ ఎ ఫిడిల్" కోలుకున్నవాడికే అక్కర్లేదు, అసలు జబ్బే పడనివాడికీ చెల్లుతుంది. అందులో ఫిట్ అంటే కూడా మొదట 'తగినది' అనే, వ్యాయామశాల అర్థం తర్వాతది. "రికవర్" అయితే లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, పోయినదాన్ని తిరిగి దక్కించుకోవడం. బాకీల రికవరీ, జ్వరం రికవరీ ఒకటే మాట. మనకు కోలుపోవడం అంటే పోగొట్టుకోవడం, కోలుకోవడం అంటే తిరిగి నిలదొక్కుకోవడం. ఆ జంటను చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

చివరిగా మీ జవాబు సంగతి. ఇంకా నీరసంగా ఉంది, రెండు అడుగులు వేస్తే ఆయాసం వస్తోంది అని రాశారు. అలాంటప్పుడు మర్యాదకు కూడా "ఐ యామ్ రైట్ ఆజ్ రెయిన్" అని జవాబివ్వకండి. వాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని, నూటికి నూరు పాళ్ళు బాగుందనుకుని, మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ పెట్టేస్తారు. మనలాగా "మొహమాటానికి అన్నాడులే" అనుకోరు. "థాంక్స్, ఆన్ ద మెండ్, హోపింగ్ టు బీ బ్యాక్ ఆన్ మండే" చాలు. సోమవారం లాగిన్ అయ్యాక ఎలా ఉందని అడిగితే, అప్పటికి నిజంగా నిక్షేపంలా ఉంటే, అప్పుడు వాడండి వానను. ఆలోపు కొబ్బరినీళ్ళు తాగి పడుకోండి, ఆయాసం తగ్గకపోతే మాత్రం ఇంకోసారి డాక్టరుకు చూపించుకోండి.